చిరపుంజిలో నీళ్ల ట్యాంకరు



ఈ పోస్టు పొడుగ్గా ఉంటుంది. చేలో పని ముగించుకొని చెట్టు కింద కూర్చున్నప్పుడు నిదానంగా చదవండి. జూలైలో ఎనిమిది రోజులు నేను ఈ పేజీలో కనపడలేదు. "ఏమన్నా, ఒంట్లో బాగలేదా?" అని కొందరు ఫోన్ చేసి అడిగినారు. బాగానే ఉన్నాను. వాన చూడటానికి పోయినాను. నవ్వకండి, నిజమే చెప్తున్నా.

మాది అనంతపురం జిల్లా అని మీకు తెలుసు. ఈ ఏడు ముంగారు మమ్మల్ని ఏం చేసిందో కూడా తెలుసు. జూన్ అంతా ఒక్క పదును పడలేదు. శనక్కాయ విత్తనం మూటల్లోనే ఉండిపోయింది. ఐదెకరాల చీనీ తోట ఉంది. నాలుగు బోర్లలో మూడు ఎండిపోయినాయి. నాలుగోది పది నిమిషాలు నీళ్లు పోసి, తర్వాత గాలి కొడుతుంది. పోయిన ఎండాకాలం 70 ట్యాంకర్ల నీళ్లు కొని తోలి చెట్లను కాపాడుకున్నా. ఇంక లాభం లేదు, ఐదో బోరు వేద్దామని రిగ్గాయనతో మాట్లాడినా. తొమ్మిది వందల అడుగులు దించాల, రెండు లక్షలు దాటుతుంది అన్నాడు. మా ఇంటామె గాజులు బ్యాంకులో పెడదామని ఇద్దరం అనుకున్నాం.

అప్పుడు మా పాప బెంగళూరు నుంచి ఫోన్ చేసింది. తనూ, అల్లుడూ మేఘాలయకు వారం రోజుల టూరుకు డబ్బు కట్టినారంట. అల్లుడికి సెలవు దొరకలేదు. టూరోళ్లు డబ్బు వెనక్కి ఇవ్వరంట, పేరు మాత్రం మార్చుకోవచ్చంట. "నాన్నా, నువ్వు రా. ఇంటి ముందు కూర్చొని మబ్బుల్ని చూస్తే వాన రాదు కదా" అంది. నేను ఒప్పుకోలేదు. మా ఇంటామే "పోయిరా. విత్తనం వేసేది లేదు, పెరికేది లేదు. ఇక్కడ వానొస్తే నేను చెప్తాలే" అని పంపించింది.

గువాహటిలో విమానం దిగి టెంపో ట్రావెలర్ ఎక్కినాం. మొత్తం పన్నెండు మందిమి. నేను తప్ప అందరూ పట్నంలో ఉద్యోగాలు చేసేవాళ్లే. మా గైడు ఇరవై ఆరేళ్ల ఖాసీ పిల్లోడు. వాళ్లమ్మది కొండ కింద వక్కతోట అని చెప్పినాడు. హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడేవాడు, మా పాప నాకు తెలుగులో చెప్పేది. బండి కదలకముందే ఒక్కొక్కరిని ఏం చూడాలని ఉంది అని అడిగినాడు. జలపాతాలు అని ఒకరు, గుహలు అని ఒకరు చెప్పినారు. నేను "వాన" అన్నా. ఆ పిల్లోడు గట్టిగా నవ్వి, "అంకుల్, అది ఒక్కటి ఉచితం" అన్నాడు.

షిల్లాంగు వంద కిలోమీటర్లు. దారిలో ఉమియం చెరువు వస్తుంది. డ్యామ్ కట్టి ఆపిన నీళ్లు, చుట్టూ దేవదారు లాంటి పైన్ చెట్లు. అప్పటికే చినుకులు మొదలైనాయి. ఆ చినుకులు ఏడు రోజుల తర్వాత మళ్లీ గువాహటి వచ్చేదాకా సరిగ్గా ఆగింది లేదు. మన దగ్గర వాన అంటే ఉరుము, మెరుపు, గాలి, అరగంట దంచుడు, అంతే. అక్కడ అట్లా కాదు. చినుకు సన్నబడుతుంది, మంచు లాగా కమ్ముకుంటుంది, మళ్లీ లావవుతుంది. ఎవరూ ఆకాశం వైపు చూడరు. నేనొక్కడినే చూస్తా ఉన్నా.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి "వానొచ్చెనా?" అని అడిగినా. "యాడొచ్చె! గాలి తోలుతా ఉంది" అంది మా ఇంటామె. కిటికీ అవతల వాన చప్పుడు ఆమెకు వినపడకూడదని ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టుకున్నా. ఎందుకో తప్పు చేసినట్టు అనిపించింది.

రెండో రోజు మాఫ్లాంగ్ అనే చోటికి పోయినాం. షిల్లాంగుకు పాతిక కిలోమీటర్లు. అక్కడ సుమారు 190 ఎకరాల దేవుడి అడవి ఉంది. మన ఊర్లలో దేవరమాన్లు ఉండేవి కదా, అట్లాంటిదే. దాని కట్టుబాటు ఏమంటే, అందులో నుంచి ఒక్క ఆకు కూడా బయటికి తీసుకుపోకూడదు. రాలిన పుల్ల కూడా అక్కడే కుళ్లాలి. మా టూరులో ఒకామె రంగు ఆకు ఏదో తీసి సంచిలో పెట్టుకోబోతే గైడు చేతులు జోడించి అక్కడే పెట్టించినాడు.

లోపలికి పోతే నా కాలు నేల మీద ఉన్నట్టే లేదు. పరుపు మీద నడిచినట్టు మెత్తగా ఉంది. ఎన్ని ఏళ్ల ఆకు అదంతా! వంగి చెయ్యి పెట్టి చూసినా. జానెడు లోతు దాకా వేళ్లు దిగినాయి, కింద కూడా ఆకు చెమ్మే. పైన వాన పడుతున్నా కాలిబాట పక్కన బురదనీళ్లు పారడం లేదు. చిన్న వాగు ఒకటి ఉంది, అందులో నీళ్లు గాజులాగా ఉన్నాయి. ఎండాకాలం కూడా అది పారుతుందా అని అడిగించినా. పారుతుంది, కింది ఊర్లకు అవే నీళ్లు అన్నాడు. ఆ సమయానికి నేను ఆ మాటను పెద్దగా పట్టించుకోలేదు. మరుసటి రోజు సోహ్రాలో గుర్తొచ్చింది.

సోహ్రా అంటే మనం చిన్నప్పుడు సాంఘికశాస్త్రంలో చదువుకున్న చిరపుంజి. అక్కడోళ్లు సోహ్రా అనే అంటారు. ఏడాదికి సగటున 11,700 మిల్లీమీటర్ల పైన వాన. పక్కనే ఉన్న మాసిన్‌రామ్‌లో ఇంకొంచెం ఎక్కువ. మన అనంతపురానికి ఏడాదికి 550 వరకు. అంటే మనకు ఇరవై ఏళ్లలో పడేది వాళ్లకు ఒక్క ఏడాదిలో పడిపోతుంది. 1860 ఆగస్టు నుంచి 1861 జూలై వరకు ఒక్క సంవత్సరంలో చిరపుంజిలో 26,461 మిల్లీమీటర్లు పడిందని రికార్డు ఉంది. అది మనకు 48 ఏళ్ల వాన. 2022 జూన్‌లో మాసిన్‌రామ్‌లో 24 గంటల్లో 1,003 మిల్లీమీటర్లు పడింది. మనకు దాదాపు రెండేళ్లది, వాళ్లకు ఒక పగలూ ఒక రాత్రి.

ఎందుకంత వాన అంటే, గైడు ఒక కొండ అంచుకు తీసుకుపోయి చూపించినాడు. కింద బంగ్లాదేశ్ మైదానం, చాప పరిచినట్టు చదును. బంగాళాఖాతం నుంచి తేమ మోసుకొచ్చే గాలికి అక్కడిదాకా అడ్డం లేదు. ఒక్కసారిగా నాలుగు వేల అడుగుల పైన ఎత్తున్న ఈ గోడకు గుద్దుకుంటుంది. పైకి లేస్తుంది, చల్లబడుతుంది, ఉన్నదంతా అక్కడే దించేస్తుంది. కొండకు వెనకనున్న షిల్లాంగుకు అందులో చాలా తక్కువే మిగులుతుంది. మన కథ కూడా అదే కదా. పడమటి కనుమలు నైరుతి మబ్బుల్ని దించుకొని ఖాళీ సంచులు మన మీదికి పంపిస్తాయి. మనం గోడకు వెనక పక్క పుట్టినాం, వాళ్లు ముందు పక్క పుట్టినారు. ఇందులో ఎవరి పుణ్యమూ లేదు, ఎవరి పాపమూ లేదు.

ఆ రాత్రి సోహ్రాలో ఒకామె ఇంట్లో దిగినాం. ఆడవాళ్లను గౌరవంగా "కాంగ్" అని పిలుస్తారు, మన అక్క అన్నట్టు. ఇంటి రేకుల కింద చుట్టూ డ్రమ్ములు, పెద్ద సిమెంటు తొట్టి ఒకటి. ఇంత వానలో ఇన్ని డ్రమ్ములు ఎందుకక్కా అని అడిగించినా. ఆమె నవ్వి, "చలికాలంలో రండి, చూపిస్తా" అంది. నవంబరు నుంచి మూడు నాలుగు నెలలు అక్కడ వాన చాలా తక్కువంట. ఊటలు సన్నబడతాయి. ఆడవాళ్లు బిందెలు మోసుకొని కిందికి దిగి నీళ్లు తెచ్చుకుంటారు. ఆమె ఇంటికి చుట్టాలు దిగితే ట్యాంకరు నీళ్లు కొంటుందంట.

నేను మా పాపతో "సరిగ్గా అడుగు, ట్యాంకరేనా?" అన్నా. ట్యాంకరే. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ వాన పడే చోట్లలో ఒకటైన ఊర్లో, మనలాగే ట్యాంకరోడికి ఫోన్ చేసి ఎదురుచూస్తారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి.

పొద్దున్నే గొడుగు తీసుకొని ఒక్కడినే నడిచినా. గైడు చూసి వెనకే వచ్చినాడు. అక్కడ పీఠభూమి అంతా గడ్డి, రాయి. చెట్లు లోయల్లో ఉన్నాయి కానీ పైన చాలా తక్కువ. ఒకప్పుడు అడవి ఉండేదంట. వంటచెరుకుకూ, సున్నపురాయి కాల్చడానికీ కొట్టుకుంటూ పోయినారు. చెట్టు పోయినాక మట్టిని పట్టుకునేది ఏదీ లేదు. అంత వానకు మట్టి కొట్టుకుపోయి రాయి తేలింది. రాయి మీద పడిన నీళ్లు ఎక్కడ నిలబడతాయి? చూస్తుండగానే జారి లోయలోకి, అక్కడి నుంచి బంగ్లాదేశ్‌లోకి. మేము ఫొటోలు తీసుకున్న నోకలికాయ్ జలపాతం 1,100 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది. మంచు తెర తొలగడానికి అరగంట కాచుకొని చూసినాం. అందరూ కేకలు పెట్టినారు. చాలా బాగుంది, కాదనను. కానీ నాకు మాత్రం అది ఆ కొండ నిలుపుకోలేక వదిలేసిన నీళ్లు లాగానే కనపడింది. రైతు కళ్లు కదా.

నాలుగో రోజు నోంగ్రియాట్ అనే ఊరికి దిగినాం. టిర్నా దగ్గర బండి దిగి మూడు వేల పైచిలుకు మెట్లు. నా మోకాళ్ల సంగతి అడగకండి. తడి మెట్లు, పాకుడు. మేము కర్రలు పట్టుకొని దిగుతుంటే, ఒక పెద్దామె బుట్ట వీపున వేసుకొని, పట్టీ నుదుటికి తగిలించుకొని, వక్కలు మోసుకుంటూ పైకెక్కుతోంది. చూసి నేను ఒళ్లు నొప్పులని చెప్పడం మానేసినా. మన బిర్యానీలో వేసే ఆకు, మనం ఇల్లు ఊడ్చే మెత్తటి కొండచీపురు, ఇవన్నీ ఇట్లాంటి కొండల మీది రైతులవే.

కింద వేళ్ల వంతెన ఉంది. ఒకదాని మీద ఒకటి, రెండంతస్తులు. వాగుకు ఒడ్డున రబ్బరు మర్రి నాటుతారు. దాని ఊడల్ని దొలిచిన వక్కమాను లోపలి నుంచి అవతలి ఒడ్డుకు పంపిస్తారు. ఊడ అక్కడ భూమి పట్టుకుంటుంది, లావవుతుంది. మనిషి బరువు మోయడానికి పదిహేను, ఇరవై, ఒక్కోసారి ముప్పై ఏళ్లు పడుతుంది. తర్వాత వందల ఏళ్లు ఉంటుంది. ఆ వానకు కట్టె వంతెన కుళ్లిపోతుంది, ఇనుము తుప్పు పడుతుంది. ఇది మాత్రం వాన పడేకొద్దీ గట్టిపడుతుంది. గైడును అడిగినా, "నాటినాయన దీని మీద నడిచి ఉంటాడా?" అని. "నడవాలని నాటరు అంకుల్" అన్నాడు. మా పాప నా వైపు చూసింది. నేను మాట్లాడలేదు.

అక్కడ ఇంకో సంగతి. ఖాసీల్లో ఇంటి పేరు అమ్మ నుంచి వస్తుంది, ఆస్తి చిన్న కూతురికి పోతుంది. అమ్మానాన్నల్ని చూసుకునేదీ ఆ కూతురే. ఈ ముక్క చెప్పగానే మా పాప "విన్నావా నాన్నా" అని నవ్వింది. నాకున్నది ఒక్కతే బిడ్డ అని మీలో చాలామందికి తెలుసు. "కొడుకు లేడు కదా, ఎవరి కోసం ఆ ఎండిపోయిన తోట, అమ్మేయరాదా" అని నాకు చెప్పినవాళ్లు కూడా ఈ పేజీలో ఉన్నారు. కోపం లేదు, ఊరికే చెప్తున్నా.

ఐదో రోజు పడమర వదిలి తూర్పుగా జైంతియా కొండల వైపు పోయినాం. దారిలో గైడు బంధువుల ఊర్లో టీకి ఆపినాడు. ముందు వక్క, ఆకు, సున్నం ఇచ్చినారు. "క్వాయ్" అంటారు, అది తీసుకుంటేనే మర్యాద. మన తాంబూలమే. ఆ ఇంటి పెద్దాయన తమలపాకు తోట చూపిస్తానంటే మిగతావాళ్లు బండిలో కూర్చున్నారు, నేనూ పాపా పోయినాం. వక్కచెట్లకు తీగలు పాకించినారు. చూరు కింద నిలువునా చీల్చిన వెదుళ్లు కట్టలు కట్టి పెట్టి ఉన్నాయి. ఏమివి అని అడిగితే డ్రిప్పు అన్నాడు!

అవును, డ్రిప్పే. వాన తగ్గినాక ఆ వెదుళ్లను కొండపైని ఊట దగ్గర నుంచి వాలు చూసుకొని ఒకదానికొకటి అమరుస్తారు. మొదట్లో నిమిషానికి ఇరవై లీటర్లు వచ్చే నీళ్లు కొమ్మలు కొమ్మలుగా విడిపోయి, చివరకు మొక్క మొదట్లో నిమిషానికి 20 నుంచి 80 చుక్కలుగా పడతాయి. మోటారు లేదు, కరెంటు లేదు, సబ్సిడీ లేదు. రెండు వందల ఏళ్లకు పైగా చేస్తున్నారంట. అంత వాన పడే దేశంలో చుక్క చుక్క లెక్కపెట్టే పద్ధతి పుట్టింది చూడండి. వానను నమ్ముకుంటే చలికాలం గడవదని వాళ్ల తాతలకు తెలుసు.

అక్కడ అంతా బంగారమే అనుకోకండి. జైంతియా కొండల్లో బొగ్గు తవ్విన చోట కొన్ని వాగులు తుప్పు రంగులో పారుతున్నాయి. 2014లో హరిత ట్రిబ్యునల్ ఎలుకబొరియల్లాంటి ఆ గనుల్ని నిషేధించింది. అయినా చెడిన నీళ్లు అంత తొందరగా బాగుపడవు. పక్క కొండలోనే లకడోంగ్ పసుపు పండిస్తారు, రంగూ ఘాటూ చూస్తే మీ కళ్లు చెదురుతాయి. మంచీ చెడూ పక్కపక్కనే ఉన్నాయి, మన దగ్గర లాగే.

ఆరో రోజు రాత్రి జొవాయ్‌లో ఉన్నాం. రోజూ నేనే ఫోన్ చేసేవాణ్ణి. ఆ రోజు మా ఇంటామే చేసింది. "వానొచ్చె!" అంది. నా గుండె ఆగినంత పనైంది. "ఎంత?" అన్నా. "గంటసేపు దంచింది. మండలంలో 40 మిల్లీమీటర్లంట." నేను పాపను పట్టుకొని ఎగిరినంత పని చేసినా. అంతలో ఆమె గొంతు తగ్గించి, "తోటలో ఏమీ నిలవలేదు. ఎర్రనీళ్లన్నీ బాట మీద పడి వంకలోకి పోయినాయి. పొద్దున చూస్తే చెట్టు మొదట్లో జానెడు కూడా తడవలేదు" అంది.

ఇప్పుడు మీకు ఒక తప్పు ఒప్పుకోవాల. మా చేను వాలు చేను. మా నాయన దానికి అడ్డంగా ఆరు గెనాలు వేసినాడు, మీరు గట్లు అంటారేమో. కింది మూలలో చిన్న కుంట ఉండేది. బోరు పడినప్పుడు, ట్రాక్టరు తిరగడానికి అడ్డమని ఆ ఆరు గెనాలూ నేనే దున్నించినా. కుంట పూడ్చి నలభై చీనీ మొక్కలు ఎక్కువ పెట్టినా. మా నాయన అప్పుడు బతికే ఉన్నాడు. గట్టు మీద కూర్చొని చూసి, "మరి నీళ్లు యాడ నిలబడతాయి రా?" అని ఒక్క మాట అడిగినాడు. "బోరుంది కదా నాయనా" అన్నా. ఆయన ఇంకేమీ అనలేదు.

జొవాయ్‌లో ఆ రాత్రి నేనూ పాపా కాగితం మీద లెక్క వేసినాం. మీరూ వేసి చూడండి. ఒక ఎకరా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 4,047 లీటర్లు. 40 మిల్లీమీటర్లంటే ఎకరాకు ఒక లక్షా అరవై వేల లీటర్లు. ఐదెకరాలకు ఎనిమిది లక్షలు. ఐదు వేల లీటర్ల ట్యాంకరు లెక్కన 160 ట్యాంకర్లు. నేను ఎండాకాలమంతా డబ్బు పెట్టి తోలింది 70. ఒక్క గంటలో దేవుడు 160 తోలితే, నేను వంకలోకి వదిలేసినా. అన్నీ ఆపలేం, సగం ఆవిరవుతుంది, సగం పారుతుంది. పావు వంతు ఆపినా 40 ట్యాంకర్లు కదా! మన 550 మిల్లీమీటర్లను ఏడాది మొత్తానికి లెక్కేస్తే ఎకరాకు 22 లక్షల లీటర్లు, అంటే 445 ట్యాంకర్లు. వాన లేదు, వాన లేదు అని ఇన్నేళ్లు ఏడ్చినా. సోహ్రాలో ఇరవై రెట్లు పడి కూడా ట్యాంకరు పిలుస్తున్నారు. మాఫ్లాంగ్ దేవుడి అడవి కింద ఎండాకాలం కూడా వాగు పారుతోంది. రెండింటికీ మధ్య ఒక పూట ప్రయాణం కూడా లేదు. తేడా పైన పడే దాంట్లో కాదు, కింద పట్టుకునే దాంట్లో ఉంది.

ఏడో రోజు గువాహటిలో గైడుకు "ఖుబ్లేయ్" అని చెప్పినా. వాళ్ల భాషలో కృతజ్ఞత మాట. "వాన బాగా చూపించినావు" అన్నా. వాళ్లమ్మ ఇచ్చిందని గుప్పెడు వక్కలు నా చేతిలో పెట్టినాడు.

ఇంటికొచ్చిన మూడో రోజు రిగ్గాయనకు ఫోన్ చేసి వద్దని చెప్పినా. జేసీబీ పెట్టి పద్నాలుగు గంటలు పని చేయించినా, గంటకు 1,200 లెక్కన 16,800 అయింది. వాలుకు అడ్డంగా ఐదు గెనాలు లేచినాయి. కుంట మళ్లీ తవ్వించడానికి పదకొండు చెట్లు తీయాల్సి వచ్చింది. కాయకొచ్చిన చెట్లు. తీసే రోజు నేను చేలోకి పోలేదు, మా ఇంటామే నిలబడి తీయించింది. చెట్ల కింద శనక్కాయ పొట్టు, ఎండాకు పరిచినాం. గాజులు ఇంట్లోనే ఉన్నాయి.

ఆగస్టులో రెండు వానలు పడినాయి. అంతా మారిపోయిందని చెప్పను. బోరు ఇప్పటికీ గాలి కొడుతోంది. ఒక గెనం రెండో వానకే తెగింది, మట్టి సరిగ్గా తొక్కించలేదు, అది నా తప్పే. కానీ కుంటలో మోకాలి లోతు నీళ్లు పన్నెండు రోజులు నిలబడినాయి. ఆకు పరిచిన చెట్ల కింద వారం తర్వాత తవ్వి చూస్తే మూరెడు లోతు చెమ్మ ఉంది. పరచని చోట లేదు. ఎన్ని ఏళ్లకు బోరు పలుకుతుందో, అసలు పలుకుతుందో లేదో. మా పాప వచ్చే ఉగాదికి వచ్చి గెనాల మీద వేప, కానుగ నాటుతానంది. నాటనీ.

మీరు మాత్రం ఒక పని చేయండి. ఈసారి వాన దంచుతున్నప్పుడు ఇంట్లో కూర్చోకండి. గొంగడి కప్పుకొని, పిడుగు లేని సమయం చూసుకొని, చేలోకి పోయి మీ నీళ్లు ఏ మూల నుంచి బయటికి పోతున్నాయో కళ్లారా చూడండి. మీ నాయన వేసిన గట్టు ఏదైనా మిగిలి ఉంటే, ట్రాక్టరుకు అడ్డమొచ్చినా సరే, దాన్ని కదిలించకండి.

ఉంటాను.